ప్రశ్నలు – జవాబులు: ఆస్కార్ వైల్డ్‌ని గీసినవాళ్లు, తీసినవాళ్లు, చెక్కినవాళ్లు

ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్ (1854–1900) తన వేషంతో, మాటతో, పుస్తకాలతో ఆనాటి చిత్రకారులకు ఎంత పని కల్పించాడో కిందటి సంచికలో రాశాం. దానిమీద వచ్చిన ఉత్తరాల్లో బొమ్మలు వేసేవాళ్లవీ, పాత ఫొటోలు సేకరించేవాళ్లవీ ఎక్కువ. అందుకే ఈసారి జవాబుల్లో సాహిత్యం కన్నా సిరా, జింకు, కాగితం గొడవే ఎక్కువ ఉంటుంది.

వైల్డ్‌కి పేరు తెచ్చిన నాటకాలన్నీ 1892 తర్వాతవే కదా. 1880లోనే లండన్ హాస్య పత్రిక ‘పంచ్’ ఆయన మీద కార్టూన్లు వేసిందంటే దేన్ని చూసి? — పాఠకుడు, విజయవాడ

వేషాన్ని చూసి. 1880 నాటికి ఆక్స్‌ఫర్డ్‌లో బహుమతి కొట్టిన ఒక పొడుగాటి కవిత తప్ప ఆయన ఖాతాలో చెప్పుకోదగ్గ పుస్తకం లేదు. కవితా సంపుటి వచ్చింది 1881లో. కానీ భుజాల దాకా జుట్టు, కోటు గుండీలో లిల్లీ పువ్వు, నీలిరంగు పింగాణీ మీద మోజు, పక్కన పొద్దుతిరుగుడు పువ్వు అప్పటికే లండన్ విందుల్లో చర్చకు వచ్చేశాయి. కార్టూనిస్టుకి ఇంతకన్నా ఏం కావాలి? మొహం పోలిక కుదరకపోయినా పువ్వూ జుట్టూ గీస్తే చాలు, పాఠకుడు ఎవరో చెప్పేస్తాడు. జార్జ్ డ్యు మోరియే ‘పంచ్’లో ‘సౌందర్యవాదుల’ను (కళకు అందమే పరమార్థం అనేవాళ్లను) ఆటపట్టిస్తూ వరసగా బొమ్మలు వేశాడు. వాటిలో టీపాట్‌ని చూసి పరవశించే కొత్త దంపతుల బొమ్మ 1880 అక్టోబరు 30 సంచికలోది. లిన్లీ సాంబోర్న్ అయితే 1881 జూన్‌లో వైల్డ్ మొహాన్నే పొద్దుతిరుగుడు పువ్వు మధ్యలో పెట్టేశాడు.

ఆ ఏడాదే గిల్బర్ట్, సలివన్‌ల సంగీత నాటకం ‘పేషెన్స్’ ఈ సౌందర్యవాదుల్ని రంగస్థలం మీద ఎగతాళి చేసింది. దాన్ని అమెరికాలో ఆడిస్తున్న డోయ్‌లీ కార్ట్‌కి ఒక చిక్కు వచ్చింది. అసలు మనిషిని చూడనివాళ్లకు ఎగతాళి ఎలా అర్థమవుతుంది? అందుకని 1882 జనవరిలో వైల్డ్‌నే అమెరికాకి ఉపన్యాసాలకు పంపాడు. వైల్డ్ కూడా ముఖమల్ కోటు, మోకాళ్ల దాకా నిక్కరు, పట్టు మేజోళ్లు వేసుకుని వేదిక ఎక్కాడు. అంటే కార్టూను ముందొచ్చింది, దానికి తగ్గ ఈ వేదిక వేషం తర్వాత వచ్చింది. ఈ వరస గుర్తుంచుకోకుండా ‘వైల్డ్ స్ఫూర్తినిచ్చాడు’ అనడం సగం మాటే. చిత్రకారులు తయారుచేసిన వైల్డ్‌ని ఆయన మళ్లీ ఒంటికి తొడుక్కున్నాడు. మన దగ్గర కృష్ణశాస్త్రి గిరజాల జుట్టు భావకవులందరికీ గుర్తుగా మారింది కదా, కొంతవరకు అలాంటిదే. కాకపోతే వైల్డ్ ఆ గుర్తును పక్కా వ్యాపారంగా నడిపించాడు.

డబ్ల్యూ.పి. ఫ్రిత్ 1883లో ప్రదర్శించిన పెద్ద తైలవర్ణ చిత్రం, ‘రాయల్ అకాడమీలో ప్రైవేటు వీక్షణం, 1881’, కూడా ఎగతాళి కోవలోదే. అందులో వైల్డ్ కోటుకి లిల్లీ పెట్టుకుని, చుట్టూ అభిమానులతో బొమ్మల మీద తీర్పులు చెబుతూ కనిపిస్తాడు.

ఆన్‌లైన్‌లో ఒకాయన ‘సరోనీ తీసిన అసలు వైల్డ్ ఫొటో’ అమ్ముతున్నారు. అసలుదో కాదో ఎలా తేల్చుకోవాలి? — పాఠకుడు, హైదరాబాద్

ముందు నేపథ్యం. నెపోలియన్ సరోనీ న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో నటీనటుల ఫొటోలకు పేరుపడ్డ మనిషి. 1882 జనవరిలో వైల్డ్‌ని కనీసం 27 భంగిమల్లో తీశాడు. బొచ్చు కోటుతో కొన్ని, ముఖమల్ కోటూ నిక్కరుతో కొన్ని. అవి ‘క్యాబినెట్ కార్డు’ రూపంలో అమ్ముడయ్యాయి. పల్చటి ఆల్బుమెన్ ప్రింటుని (గుడ్డుసొన పూసిన కాగితం మీది ఫొటోని) దళసరి అట్టకు అంటించేవాళ్లు. అట్ట కొలత 4¼ అంగుళాలు × 6½ అంగుళాలు, అంటే సుమారు 108 × 165 మి.మీ. ఇంతకన్నా పెద్ద ‘ప్యానెల్’ సైజు కూడా ఉంది. కాబట్టి కొలత ఒక్కటే చూసి కొట్టిపారేయొద్దు.

చేతిలోకి తీసుకోగలిగితే పది రెట్లు పెద్దదిగా చూపే లూప్‌తో చూడండి. మొహం మీద, చేతుల మీద వరసకట్టిన చుక్కలు కనబడితే అది హాఫ్‌టోన్ అచ్చు. పుస్తకంలోంచో పోస్టుకార్డులోంచో వచ్చింది. అసలు ఆల్బుమెన్ ప్రింటులో చుక్కలుండవు, నీడ ఒకదాన్లోంచి ఒకటి సాఫీగా జారుతుంది. కాగితం పల్చన కాబట్టి తెల్లటి భాగాల్లో నారపోగులు లీలగా తెలుస్తాయి. గుడ్డుసొన పొర వయసుతో పసుపెక్కుతుంది, సన్నటి పగుళ్లు తీస్తుంది. వెలుగు పడ్డ చోట్ల పసుపు, నీడల్లో ఊదా చాయ గోధుమరంగు ఉంటే మంచి సూచనే. అట్ట మాత్రం పసుపెక్కి, ఫొటో తెలుపు మల్లెపూవులా మెరుస్తుంటే అనుమానించండి. చుక్కల బదులు పాము చర్మంలా మెలికల గరుకు కనబడితే అది కొలోటైపు. పాతదే కావచ్చు, కానీ ఫొటో కాదు, సిరాతో అచ్చు వేసింది.

అట్ట అడుగున సరోనీ సంతకం వయ్యారంగా అచ్చయి ఉంటుంది. ఈ సంతకం చూసే చాలామంది మోసపోతారు. సరోనీ అట్టలు వేలకొద్దీ దొరుకుతాయి. ఎవరో అనామక నటి ఫొటో ఊడబీకి, ఆ ఖాళీలో వైల్డ్ కొత్త ప్రింటు అంటించడం కష్టమేం కాదు. అందుకే అంచులు చూడండి. పాత ప్రింటు అంచూ అట్టా ఒకే తీరుగా అరిగి, ఒకే మరక రెండింటి మీదుగా పాకి ఉండాలి. ఫొటో అంచుకి బయట అట్ట మీద పాత జిగురు గీతో, ఇంకో సైజు ఫొటో ఉన్న జాడో కనిపిస్తే వదిలేయండి. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేస్తే ఈనాటి తెల్లకాగితం నీలంగా వెలుగుతుంది. 1882 కాగితం వెలగదు.

అమ్మేవాళ్లు వెనకవైపు ఫొటో, అంచుల దగ్గర్నుంచి తీసిన ఫొటో పంపమంటే పంపకపోతే బేరం అక్కడితో ఆపేయడమే.

సరోనీ ఫొటో మీద అమెరికా సుప్రీంకోర్టు దాకా కేసు వెళ్లిందట. ఎందుకు? — న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

ఆ వరుసలో 18వ నంబరు ఫొటో కోసం. వైల్డ్ కూర్చుని ముందుకు వంగి, చెంపకు చెయ్యి ఆనించి, ఇంకో చేతిలో పుస్తకం పట్టుకున్నది. బరో–గైల్స్ లిథోగ్రాఫిక్ కంపెనీ దాన్ని అనుమతి లేకుండా 85,000 ప్రతులు లిథోగ్రాఫ్ (రాతి అచ్చు) వేసింది. సరోనీ దావా వేశాడు. కాపీ కొట్టలేదని కంపెనీ అనలేదు. దాని వాదన వేరు. రాజ్యాంగం ‘రచయితల రచనల’కు రక్షణ ఇవ్వమంది, ఫొటో అనేది యంత్రం చేసిన పని, దానికి రచయిత ఎవరు? అందుచేత ఫొటోలకు కాపీరైటు ఇచ్చిన చట్టమే చెల్లదంది. ఫొటో మీద ‘ఎన్. సరోనీ’ అని పొడి అక్షరమే వేశాడు కాబట్టి నోటీసు సరిపోదని ఇంకో మెలిక పెట్టింది.

1884 మార్చి 17న కోర్టు రెండూ తోసిపుచ్చింది. జస్టిస్ మిల్లర్ రాసిన తీర్పు ప్రకారం, మనిషిని ఆ భంగిమలో కూర్చోబెట్టడం, దుస్తులు, తెరలు, వస్తువులు ఎంచి అమర్చడం, వెలుగునీడలు సర్దడం, ఆ ముఖభావాన్ని రాబట్టడం సరోనీ మనసులోంచి వచ్చిన పనులు. కాబట్టి అతను రచయితే. సరోనీకి దక్కిన మొత్తం 610 డాలర్లు. ఏ సృజనా లేని మామూలు ఫొటో సంగతేమిటన్నది కోర్టు అప్పుడు తేల్చలేదు.

చదివేటప్పుడు మీకో సందేహం రావాలి. భంగిమలో సగం వైల్డ్‌ది కాదా? వేషం పూర్తిగా ఆయనదే కదా? కోర్టు ఆ ప్రశ్న వేసుకోలేదు. మా ఉద్దేశంలో ఆ తీర్పులో బలహీనమైన చోటు అదే.

వైల్డ్ నాటకం ‘సలోమీ’ పుస్తకానికి వేసిన బొమ్మల్లో చిత్రకారుడు ఆబ్రీ బియర్డ్‌స్లీ బూడిదరంగు అసలు వాడలేదు. కావాలనా, అచ్చు ఇబ్బందా? — చిత్రకారుడు, తెనాలి

రెండూ. కాకపోతే ఇబ్బందినే శైలిగా మార్చుకున్నాడు కాబట్టి విడదీయలేం.

డ్యు మోరియే కాలంలో పత్రికల బొమ్మలు చెక్క మీద చెక్కేవాళ్లు. బాక్స్‌వుడ్ అడ్డుకోత ముక్కల్ని బోల్టులతో బిగించి దిమ్మ చేసేవాళ్లు. తొందరుంటే ముక్కలు విడదీసి తలా ఒకటి చెక్కి, మళ్లీ బిగించేవాళ్లు. పాత ‘పంచ్’ బొమ్మల్లో అక్కడక్కడ కనిపించే సన్నటి తెల్లగీత ఆ అతుకే. గీసేది చిత్రకారుడే అయినా పాఠకుడు చూసేది చెక్కినవాడి చేతిని.

1890ల్లో ఆ మధ్యవర్తి తప్పుకున్నాడు. లైన్ బ్లాకు వచ్చింది. ఆఫ్‌సెట్ రాకముందు తెలుగు పత్రికలు కూడా దశాబ్దాలపాటు వాడిన జింకు బ్లాకే అది. చేసే తీరు ఇది. బొమ్మను పెద్ద కెమెరాతో బాగా కాంట్రాస్టు ఉన్న నెగెటివ్ తీస్తారు. గీత ఉన్నచోట అద్దం పారదర్శకంగా, తెల్లకాగితం చోట నల్లగా వస్తుంది. జింకు పలకకు ఆల్బుమెన్, డైక్రోమేటు కలిపిన ద్రావణం పూసి ఆరబెట్టి, పైన నెగెటివ్ బిగించి వెలుతురు చూపిస్తారు. వెలుగు తగిలిన గీతలు గట్టిపడతాయి. పలకంతా జిడ్డు సిరా రుద్ది నీళ్లలో కడిగితే గట్టిపడని భాగం సిరాతో సహా పోతుంది. మిగిలిన గీతల మీద రెసిన్ పొడి చల్లి వేడిచేస్తే ఆమ్లం అంటని కవచం అవుతుంది. తర్వాత పల్చటి నైట్రిక్ ఆమ్లంలో ముంచుతారు.

అసలు ప్రమాదం ఇక్కడే. ఆమ్లం కిందికి మాత్రమే తినదు, పక్కలకూ తింటుంది. ఒకేసారి లోతుగా తినిపిస్తే గీత అడుగు బోలుగా మారి, అచ్చులో విరిగిపోతుంది. అందుకని కొద్దిగా తినిపించడం, తీసి గీత పక్కగోడలకు నాలుగువైపుల నుంచీ పొడి పట్టించి వేడిచేయడం, మళ్లీ ముంచడం. ఇలా విడతలుగా చేస్తారు. విశాలమైన తెల్ల భాగాల్ని రూటర్‌తో తవ్వేస్తారు, లేకపోతే సిరా రోలరు కుంగి అడుగును తాకి మరకలు పడతాయి. చివరికి చెక్కదిమ్మకు కొట్టి అక్షరాల ఎత్తుకు, 0.918 అంగుళాలకు, తెస్తారు.

ఈ పద్ధతికి తెలిసినవి రెండే, సిరా ఉంది లేదా లేదు. నీళ్ల రంగు నీడలు దీనికి అక్కర్లేదు. బియర్డ్‌స్లీ ఇది గ్రహించి, నీడల కోసం గీతలు అల్లడం కూడా మానేశాడు. పెద్ద నల్ల ముద్ద, పెద్ద తెల్ల మైదానం, మధ్యలో వెంట్రుకంత గీత, కొన్నిచోట్ల చుక్కల వరస. జపాన్ చెక్క అచ్చుల నుంచి, చిత్రకారుడు విస్లర్ అలంకరించిన నెమళ్ల గది నుంచి తీసుకున్నది ఈ బ్లాకుకు అతికినట్టు సరిపోయింది.

కాకపోతే అచ్చువేసేవాడికి కొత్త తలనొప్పి. నల్ల ముద్దకు సిరా దండిగా, ఒత్తిడి గట్టిగా కావాలి. సన్నగీతకు రెండూ తక్కువ కావాలి. రెండూ ఒకే దిమ్మ మీద ఉన్నాయి. దీనికి మేక్‌రెడీ ఒక్కటే దారి. కాగితం వెనక ఆనే పొరలో నల్ల ముద్దలకు ఎదురుగా టిష్యూ ముక్కలు అంటించి ఎత్తు పెంచడం, సన్నగీతల దగ్గర కోసి తగ్గించడం. చవక పునర్ముద్రణల్లో నలుపు బూడిద మచ్చలుగా, గీతలు లావుగా కనిపిస్తే ఈ పని ఎగ్గొట్టారని అర్థం. అలాంటి ప్రతిని చూసి బియర్డ్‌స్లీని అంచనా వేయకండి.

ఆ తరహాలో బొమ్మలు వేయాలని ఉంది. ఏ కాగితం, ఏ నిబ్బు, ఏ క్రమంలో? నేను వేస్తే నలుపు మచ్చలు పడుతోంది, సన్నగీతలు అచ్చులో మాయమవుతున్నాయి. — ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని, వరంగల్

బియర్డ్‌స్లీ మిత్రుడు రాబర్ట్ రాస్ ఆ పద్ధతిని వివరంగా రాసిపెట్టాడు. ముందు పెన్సిల్‌తో కాగితమంతా గీకడం, చెరపడం, మళ్లీ కట్టడం. కాగితం నలిగిపోయేదాకా ఇదే. దానిమీద బంగారు నిబ్బుతో నల్లసిరా గీతలు, అదీ పెన్సిల్ గీతను చాలాచోట్ల లెక్కచేయకుండా. చివర్లో పెన్సిల్ చెరిపేయడం. అంటే మనం చూసే ఆ నిబ్బరమైన గీత కింద బోలెడు తడబాటు ఉంది. చిత్తు ఒకచోట, సాపు ఇంకోచోట కాదు, అంతా ఒకే కాగితం మీద.

మీరు మాత్రం కాగితం నలగ్గొట్టకండి, ఈనాటి కాగితాలు అంత ఓర్చుకోవు. హాట్ ప్రెస్డ్ (నున్నటి) కాగితం గానీ బ్రిస్టల్ బోర్డు గానీ 250–300 జీఎస్‌ఎంలో (చదరపు మీటరుకు గ్రాముల బరువు) తీసుకోండి. మామూలు కార్ట్‌రిడ్జ్ కాగితం మీద రబ్బరు రెండుసార్లు ఆడితే పైపొర లేచి సిరా నారల వెంట పాకుతుంది. గీత అంచులు బొచ్చు బొచ్చుగా రావడానికి మొదటి కారణం నిబ్బు కాదు, అదే. చిత్తు వేరే కాగితం మీద వేసి, లైట్ బాక్స్ మీద పెట్టి హెచ్‌బీ పెన్సిల్‌తో తేలిగ్గా ఎత్తుకోండి. హెచ్, 2హెచ్ పెన్సిళ్లు గాడి పెడతాయి, సిరా ఆ గాడిలోకి జారుతుంది.

సైజు: అచ్చులో కావాల్సినదానికి ఒకటిన్నర రెట్లు గీయండి. 16 సెం.మీ. ఎత్తు కావాలంటే 24. ‘సలోమీ’లోని ‘నెమలి లంగా’ అసలు బొమ్మ (ఇప్పుడు హార్వర్డ్ మ్యూజియంలో ఉంది) ఎత్తు 23 సెం.మీ. మాత్రమే, కాబట్టి గోడంత గీయక్కర్లేదు. మూడు రెట్లు గీసి తగ్గిస్తే సన్నగీతలు పోతాయి. మీకు జరుగుతున్నది బహుశా అదే. లెక్క ఇలా వేసుకోండి. అచ్చులో గీత 0.15 మి.మీ. కన్నా సన్నబడకూడదు. ఒకటిన్నర రెట్లలో గీస్తే మీ కాగితం మీద కనీసం 0.25 ఉండాలి. రెండు గీతల మధ్య ఖాళీ గీత లావుకి కనీసం రెట్టింపు వదలండి. పత్రిక కాగితం సిరా పీల్చి ఉబ్బుతుంది, దగ్గరి గీతలు కలిసిపోతాయి.

గీత ఎత్తకముందు అగ్గిపెట్టెంత చిత్తు బొమ్మ కుంచెతో, నలుపు ముద్దలతో మాత్రమే వేయండి. ఆ సైజులో బొమ్మ నిలబడకపోతే పెద్దదిగా గీసినా నిలబడదు. అలంకారం చివరన ఆలోచించాల్సిన సంగతి. విద్యార్థులు నెమలి కళ్లతో మొదలుపెట్టి, నలుపు ఎక్కడ పెట్టాలో తెలియక ఖాళీలన్నీ డిజైన్లతో నింపేస్తారు. బియర్డ్‌స్లీ ఖాళీని ఖాళీగా వదిలేయడంలో చూపిన ధైర్యం చూడండి.

బియర్డ్‌స్లీ పొడుగు గీతలు చాలావరకు ఒకే లావుగా సాగుతాయి. క్రోక్విల్ (సిరాలో ముంచి గీసే సన్నటి) నిబ్బు ఒత్తిడికి వెంటనే లావెక్కుతుంది. చేయి కుదిరేదాకా 0.25 లేదా 0.3 టెక్నికల్ పెన్ను వాడడంలో నామోషీ లేదు. వంపు గీతను మణికట్టుతో కాక మోచేతి నుంచి, కాగితం తిప్పుకుంటూ, మీవైపుకు లాగండి. మధ్యలో ఆగితే సిరా బొట్టు కడుతుంది. ఆగక తప్పకపోతే ఇంకో గీత తగిలే చోట ఆగండి.

ఇక మచ్చలు. నల్ల ముద్దకు ముందు పెన్నుతో హద్దు గీయండి, 3 లేదా 4 నంబరు గుండ్రటి కుంచెతో నింపండి. వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకు వాడండి. నీటికి కరిగే సిరా అయితే రెండో పూత మొదటిదాన్ని లేపేస్తుంది, మచ్చలు అలాగే వస్తాయి. ఒక దళసరి పూత కన్నా రెండు పల్చటివి మేలు, మధ్యలో అరగంటైనా ఆరనివ్వండి, వానాకాలంలో ఇంకా ఎక్కువ. పెన్సిల్ చెరపడం మర్నాడే. అదీ మెత్తటి నీడెడ్ రబ్బరుతో అద్దుతూ. గట్టిగా రుద్దితే నలుపు పైపొర ఎగిరి బూడిదరంగు తేలుతుంది, ఇది మీ మచ్చలకు రెండో కారణం కావచ్చు.

స్కాను 1200 డీపీఐలో నలుపు–తెలుపు బిట్‌మ్యాప్‌గా, లేదా 600 గ్రేస్కేల్‌లో తీసి తర్వాత థ్రెషోల్డ్ పెట్టి ప్రతి చుక్కనీ నలుపో తెలుపో చేయండి. టిఫ్‌గా దాచండి. జేపెగ్ గీతల పక్కన బూడిద రవ్వలు చల్లుతుంది. ప్రెస్సుకి ఇచ్చేటప్పుడు నలుపు ఒక్క ప్లేటులోనే, కే 100 శాతం, ఉండాలని రాసివ్వండి. నాలుగు రంగులు కలిపిన నలుపు పంపితే రిజిస్టర్ వెంట్రుకవాసి తప్పినా ప్రతి గీత పక్కన రంగు నీడ కనిపిస్తుంది.

‘సలోమీ’ బొమ్మల్లోనే బియర్డ్‌స్లీ వైల్డ్ మొహం దాచాడంటారు. ఎక్కడ? వైల్డ్ ఊరుకున్నాడా? — పాఠకుడు, నెల్లూరు

నాలుగుచోట్ల వెతకండి. ముఖపత్ర చిత్రం ‘చంద్రునిలో స్త్రీ’లో ఆ చంద్రుడి మొహం వైల్డ్‌దే. ‘హెరోదియస్ ప్రవేశం’లో కింద కుడి మూల గుడ్లగూబ టోపీ పెట్టుకుని, చేతిలో ఈ నాటకం పుస్తకమే పట్టుకున్న విదూషకుడు ఆయనే. ‘హేరోదు కళ్లు’లో హేరోదుకీ, ‘ప్లేటోనిక్ విలాపం’లో చంద్రుడికీ అవే బరువైన రెప్పలు, దవడలు.

పది పూర్తి పుట బొమ్మలకూ అట్టకూ కలిపి బియర్డ్‌స్లీకి కుదిరిన పైకం 50 గినీలు. అంతకుముందు 1893 మార్చిలో, నాటకంలో సలోమీ ఆడే ఏడు మేలిముసుగుల నాట్యం అంటే ఏమిటో తనకు కాక తెలిసిన ఒకే ఒక్క కళాకారుడని మెచ్చుకుంటూ ఫ్రెంచి ప్రతి మీద సంతకం చేసి ఇచ్చింది వైల్డే. బొమ్మలు చూశాక మాత్రం తన నాటకం బైజాంటైన్ (పాత తూర్పు రోమ్ సామ్రాజ్యపు) తరహా, ఇవి జపాన్ తరహా అని పెదవి విరిచాడట. ఫిర్యాదులో న్యాయం ఉంది. చాలా బొమ్మలకు కథతో సంబంధం అంతంతే, ‘నల్ల కేప్’ బొమ్మకైతే అసలే లేదు. ప్రచురణకర్త జాన్ లేన్ అశ్లీలమని ఒక బొమ్మను తీసేయించాక ఆ ఖాళీలో చేరింది అది. అయినా 1894 నాటి ఈ ఇంగ్లిష్ ప్రతి ఇవాళ గుర్తుందంటే బొమ్మల వల్లే. రచయిత మాట విని గీసి ఉంటే ఆ పుస్తకం ఇంకో పాత పుస్తకంగా మిగిలేది.

రికెట్స్ రూపొందించిన వైల్డ్ కవిత ‘ది స్ఫింక్స్’ పుస్తకం గురించి రాశారు. నా కవితా సంపుటిని ఆ పద్ధతిలో రెండు రంగుల్లో వేయించవచ్చా? — కవయిత్రి, రాజమహేంద్రవరం

వేయించవచ్చు. కానీ ఏది తీసుకోవాలో, ఏది తీసుకోకూడదో చూడండి. చార్లెస్ రికెట్స్ 1894లో చేసిన ఆ పుస్తకం బాలంటైన్ ప్రెస్‌లో 200 ప్రతులు, పెద్ద కాగితం మీద ఇంకో 25 అచ్చయింది. వెల్లం (పల్చటి తోలు) అట్ట మీద బంగారు ముద్ర. లోపల బొమ్మలు ఇటుకరంగులో, పద్యం నలుపులో, మొదటి అక్షరాలు ఆకుపచ్చలో. మూడు రంగులంటే కాగితం మూడుసార్లు ప్రెస్సు ఎక్కాలి, ప్రతిసారీ కాస్త జరుగుతుంది. అతను రంగుల్ని ఒకదానికొకటి తగలకుండా పుటలో దూరదూరంగా పెట్టాడు కాబట్టి జరిగినా కంటికి తెలియదు. మీరు తీసుకోవాల్సింది ఈ కిటుకు. రెండో రంగుని అధ్యాయం పేరుకో, విడి బొమ్మకో వాడండి. నలుపు గీత లోపల రంగు నింపాలని చూడొద్దు. ఆ రంగుని స్పాట్ రంగుగా (ముందే కలిపిన ఒకే సిరాగా) అడగండి, నాలుగు రంగుల చుక్కలతో కట్టిన ఎరుపులో సన్న అక్షరం అంచులు గరుకుగా వస్తాయి.

తీసుకోకూడనిది అతని అక్షర కూర్పు. పద్యమంతా పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల్లో, పంక్తులు దగ్గరగా నడిపాడు. తెలుగుకి కింద ఒత్తులు, పైన గుడులు ఉన్నాయి. 12 పాయింట్ల అక్షరానికి పంక్తి దూరం 19–20 పాయింట్లు లేకపోతే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. మీ సంపుటిలో అతి పొడవైన పాదం కొలిచి, అది విరగకుండా పట్టే వెడల్పు ముందు తేల్చండి, పుస్తకం సైజు తర్వాత. జిగురు బైండింగు లోపలివైపు 6–8 మి.మీ. మింగేస్తుంది, అది కలుపుకునే లోపలి మార్జిను వదలండి. అడుగు మార్జిను అన్నిటికన్నా ఎక్కువ ఉంటే పుట నిలబడుతుంది. 70 జీఎస్‌ఎం కాగితం మీద విశాలమైన ఖాళీలు వదిలితే వెనక పుట కవిత ఆ ఖాళీల్లోంచి కనిపిస్తుంది. 100 జీఎస్‌ఎం నేచురల్ షేడ్‌కి వెళ్లండి.

ఫ్రెంచి చిత్రకారుడు లోత్రెక్ వేసిన చిత్రానికి వైల్డ్ ఎదురుగా కూర్చున్నాడా? — పాఠకుడు, అనంతపురం

కూర్చోలేదు. 1895లో లండన్‌లో కలిసినా బొమ్మకు కూర్చోవడానికి ఒప్పుకోలేదు. లోత్రెక్ జ్ఞాపకంతో వేశాడు. వెనక థేమ్స్ పొగమంచు, బిగ్‌బెన్, ముందు ఉబ్బిన తెల్లటి మొహం, చిన్న నోరు. పొద్దుతిరుగుడు కాలపు కుర్రవాడు ఇందులో లేడు. ఆ ఏడాదే లా గులూ అనే నర్తకి సంతబడ్డీ కోసం వేసిన పెద్ద తెరలో చూసేవాళ్ల గుంపులోనూ వైల్డ్‌ని నిలబెట్టాడు. ఆ తెరను తర్వాత ఒక వ్యాపారి ముక్కలుగా కోశాడు. మళ్లీ అతికించిన రూపం పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది. 1896 ఫిబ్రవరిలో ‘సలోమీ’ తొలిసారి పారిస్‌లో ఆడినప్పుడు, వైల్డ్ జైల్లో ఉండగా, ఆ ప్రదర్శన కరపత్రం మీది లిథోగ్రాఫ్ కూడా లోత్రెక్‌దే.

వైల్డ్ అరెస్టుతో బియర్డ్‌స్లీ ఉద్యోగం ఎందుకు పోయింది? — పాఠకురాలు, కర్నూలు

1895 ఏప్రిల్ 5న స్వలింగ సంబంధాల నేరారోపణ మీద అరెస్టయినప్పుడు వైల్డ్ చంకలో పసుపు అట్ట పుస్తకం ఒకటుంది. అదేదో ఫ్రెంచి నవల. పత్రికలు దాన్ని ‘ఎల్లో బుక్’గా చదివించాయి. ఆ పేరుగల త్రైమాసికానికి కళా సంపాదకుడు బియర్డ్‌స్లీ. వైల్డ్ అందులో ఒక్క ముక్కా రాయలేదు. అయినా జనం వెళ్లి వీగో స్ట్రీట్‌లోని ప్రచురణకర్త కిటికీల మీద రాళ్లేశారు, కొందరు రచయితలు ఒత్తిడి తెచ్చారు, బియర్డ్‌స్లీని తీసేశారు. ‘సలోమీ’ బొమ్మలే ఇద్దరి పేర్లనూ ముడేశాయి. మూడేళ్లు తిరక్కుండానే బియర్డ్‌స్లీ క్షయతో 25 ఏళ్ల వయసులో చనిపోయాడు.

పారిస్‌లో వైల్డ్ సమాధికి అద్దం గోడ ఎందుకు? లిప్‌స్టిక్ తుడిస్తే పోదా? — పాఠకురాలు, డల్లాస్

అభిమానులు సమాధికి ముద్దులు పెట్టి వదిలిన లిప్‌స్టిక్ పోదు, పోగొట్టాలంటే రాయి పోతుంది. జేకబ్ ఎప్‌స్టీన్ ఆ సమాధిని 20 టన్నుల హాప్టన్‌వుడ్ రాయిలో, బ్రిటిష్ మ్యూజియంలోని అసీరియా రెక్కల ఎద్దుల్ని మనసులో పెట్టుకుని, ఎగిరే స్ఫింక్స్‌గా చెక్కాడు. అది సున్నపురాయి జాతి, సూక్ష్మ రంధ్రాలుంటాయి. లిప్‌స్టిక్‌లో ఉండే నూనె, మైనం ఆ రంధ్రాల్లోకి దిగుతాయి, రంగు వాటితోపాటే వెళుతుంది. పైపైన తుడిస్తే రంగు తగ్గినట్టుంటుంది గానీ జిడ్డు మరక లోపలే ఉంటుంది, దుమ్ము పడుతుంది. ద్రావకాలు పెట్టి లాగితే ప్రతిసారీ రాతి పైపొర కొంచెం కరిగి ఇంకా గరుకవుతుంది. గరుకైన చోట తర్వాతి ముద్దు ఇంకా లోతుకు దిగుతుంది. అందుకే 2011లో బాగుచేసి చుట్టూ మనిషెత్తు అద్దం పెట్టారు. ఇప్పుడు ముద్దులు అద్దం మీద పడుతున్నాయి, దాన్ని తుడవడం తేలిక.

ఈ బొమ్మలు మా కళాశాల పత్రిక అట్ట మీద వేసుకోవచ్చా? — అధ్యాపకుడు, తిరుపతి

మన చట్టంలో కళాకృతికి గడువు కళాకారుడు చనిపోయిన తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు. బియర్డ్‌స్లీ (మరణం 1898), లోత్రెక్ (1901), సాంబోర్న్ (1910), రికెట్స్ (1931) ఎప్పుడో దాటిపోయారు. వైల్డ్ మీద గొప్ప వ్యంగ్యచిత్రాలు వేసిన మాక్స్ బీర్‌బోమ్ 1956లో పోయాడు. ఇక్కడ గడువు 2016తో తీరింది, 70 ఏళ్ల లెక్కున్న బ్రిటన్‌లో 2026 ఆఖరు దాకా ఉంటుంది. ఎప్‌స్టీన్ 1959లో పోయాడు కాబట్టి ఇక్కడ 2019తో తీరింది, అక్కడ 2029తో తీరుతుంది. మీ పత్రిక కాగితం మీదే ఉంటే ఇక్కడి లెక్క చాలు. పీడీఎఫ్‌గా నెట్‌లో పెట్టి బ్రిటన్‌లోని పూర్వ విద్యార్థులకు పంపేట్టయితే అక్కడి గడువు తీరేదాకా బీర్‌బోమ్, ఎప్‌స్టీన్‌ల జోలికి పోకండి. కావాల్సిన బొమ్మను మ్యూజియం సైటు నుంచి పెద్ద సైజులో, వాడుక షరతులు చదివి దించుకోండి. గూగుల్‌లో దొరికిన చిన్న జేపెగ్‌ని అట్టంత సాగదీస్తే బియర్డ్‌స్లీ వెంట్రుక గీతలన్నీ మెట్లు మెట్లుగా వస్తాయి.